ఘోడాకీ ట్రాలాకీ నడుమ

ముందు నేనెవరో చెబుతాను

నేను డ్రైవర్ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఏనాడూ నామోషీ అనిపించలేదు. పెళ్లిళ్లలో మా చుట్టాలు కొందరు నన్ను పరిచయం చేసేటప్పుడు "ట్రాన్స్‌పోర్టు లైన్‌లో చేశారండీ" అని నసుగుతారు. నేను ఊరుకోను. "ట్రాలా డ్రైవర్నండీ, ఆ తర్వాత ట్రాలా డ్రైవర్లకి పాఠాలు చెప్పాను" అని గట్టిగా అంటాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. పొడవనీ.

నా పేరు దేవదానం. మాది చీరాల దగ్గర. ఊళ్లో లారీ నడుపుకుంటూ ఉండగా మా ఆవిడ రూతమ్మకి ఢిల్లీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పెళ్లాం వెనకాల పెట్టె మోసుకుంటూ ఢిల్లీ పోయాడని ఊళ్లో నవ్వుకున్నారు. ఆ పెట్టె మోసినందుకే నాకు ఇంత పెద్ద బండి దొరికింది. నవ్వినవాళ్లు ఇప్పటికీ అదే ఊళ్లో అదే అరుగు మీద కూర్చుని ఉన్నారు.

ఉద్యోగంలో నాకు వచ్చిన మెట్లు, రాని మెట్లు ఇక్కడ రాయను. వాటి వల్ల ఎవరికీ బండి నడపడం రాదు. ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లలకి నిజంగా పనికొచ్చేవి కొన్నే ఉన్నాయి. అవి రాస్తాను.

తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక్క సంగతి. రోడ్డు మీద మీకు కనిపించే పొడుగాటి కంటైనర్ బండి ఒకటి కాదు, రెండు. ముందు ఇంజనూ, క్యాబినూ ఉన్న భాగాన్ని మావాళ్లు ఘోడా అంటారు. వెనకున్న పొడుగాటి భాగం ట్రాలా. దానికి ముందు చక్రాలుండవు. ఘోడా వీపు మీద జిడ్డు పూసిన ఇనప ప్లేటు ఒకటి ఉంటుంది, దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. ట్రాలా ముక్కు కింద బొటనవేలిలా ఒక పిన్ను వేలాడుతుంటుంది. ఘోడాని వెనక్కి నడిపి ఆ పిన్నుని ప్లేటు నోట్లోకి పంపిస్తే దవడలు మూసుకుంటాయి. అంత బరువునీ రోడ్డంతా లాక్కెళ్లేది ఆ పిన్నూ ఆ దవడలే. మిగతాదంతా అలంకారం.

బల్బీర్ ఉస్తాద్ నన్ను బండి దింపిన సంగతి

నాకు ట్రాలా నేర్పినవాడు బల్బీర్ సింగ్. తుగ్లకాబాద్ కంటైనర్ యార్డులో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఈ లైన్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. నేర్చుకోవడానికి వచ్చినవాడు ఏళ్ల తరబడి ఉస్తాద్‌కి టీలు మోసి, బండి కడిగి, టైర్లు మార్చి, ఆయన మనసు కరిగినప్పుడు స్టీరింగ్ ముట్టుకోవాలి. బల్బీర్ ఉస్తాద్‌కి అదంతా గిట్టదు. నన్ను వారం తిరక్కుండానే క్యాబిన్ ఎక్కించి "పీఛే లే" అన్నాడు. వెనక్కి తియ్యమని.

ఊళ్లో నేను లారీని సందుల్లో రివర్స్ చేస్తుంటే జనం ఆగి చూసేవాళ్లు. ఆ ధీమాతో స్టీరింగ్ తిప్పాను. నేను ఎడమకి తిప్పితే ట్రాలా తోక కుడికి పోయింది. కంగారుపడి ఇంకా ఎడమకి తిప్పాను. బండి మధ్యలో మడత పడిపోయి, క్యాబిన్ మూల వెళ్లి ట్రాలాకి తగిలేదాకా వచ్చింది. ఉస్తాద్ నన్ను తిట్టలేదు.

"ఉతర్ కే దేఖ్" అన్నాడు.

దిగి చూడమని ఆయన మాట. అద్దాల్లో కనపడుతోంది కదా, దిగడం ఎందుకూ అన్నాను. నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఈ లైన్‌లో రివర్స్ చేస్తూ మధ్యలో క్యాబిన్ దిగేవాడిని కచ్చా డ్రైవర్ అంటారు. పచ్చివాడు, ఇంకా పండలేదు అని. యార్డులో మిగతా డ్రైవర్లు బీడీలు కాలుస్తూ చూస్తుంటారు. నువ్వు దిగావా, ఇక సాయంత్రం దాకా నీ మీదే జోకులు. అందుకని అందరూ మెడలు వంకర్లు తిప్పి, అద్దాల్లో కనపడీ కనపడని దాన్ని ఊహించుకుని, దేవుడి మీద భారం వేసి వెనక్కి పోతారు. గోడలు పడిపోయేది అందుకే.

ఆ రోజూ నవ్వారు. ఉస్తాద్ వాళ్ల వైపు కూడా చూడకుండా నాతో అన్నాడు: "హస్నే దే. గాడీ తేరీ హై, దేఖేగా భీ తూ."

నవ్వనీ, బండి నీది, చూడాల్సిందీ నువ్వే అని. దిగి చూశాను. ట్రాలా వెనక ఎక్కడికి పోతోందో, మధ్యలో ఎంత మడత పడిందో చుట్టూ తిరిగి చూస్తే, అద్దాల్లో చూసిందంతా సగమే అని అర్థమైంది. మళ్లీ ఎక్కించి ఒక కిటుకు చెప్పాడు. స్టీరింగ్‌ని పైన పట్టుకోకు, అడుగున పట్టుకో, నీ పిడికిలి ఎటు పోతే తోక అటు పోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఏడ్చినవాళ్లు ఈ దేశంలో ఎంతమందో!

నేను పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో రివర్స్ రాని మొద్దుని నేను చూడలేదు. ఓపికుంటే అందరికీ వస్తుంది. దిగడానికి నామోషీ పడేవాళ్లనే చూశాను, వాళ్లకి మాత్రం ఎంత చెప్పినా రాదు.

చౌహాన్ సాబ్, ఫటాఫట్

తర్వాత మానేసర్ వైపు ఒక కంపెనీ వాళ్లు కొత్త డ్రైవర్లకి శిక్షణ ఇమ్మని నన్ను తీసుకున్నారు. అక్కడ నా పై అధికారి చౌహాన్ సాబ్. మనిషి మంచివాడే గానీ కాళ్ల కింద నిప్పులున్నట్టే తిరిగేవాడు. ఒక చెవికి ఫోను, ఇంకో చేత్తో చిటికెలు. నోరు తెరిస్తే ఫటాఫట్. డ్రైవర్లు టీ తాగినా ఫటాఫట్ తాగాలి.

ట్రాలా తగిలించడంలో నేనొక క్రమం పెట్టాను. దగ్గరకంటా వచ్చి ఆగు. దిగి, ప్లేటు ఎత్తూ ట్రాలా ఎత్తూ సరిపోయాయో లేదో చూడు. అప్పుడు మెల్లగా వెనక్కి పో. టక్‌మని చప్పుడు వస్తుంది. ట్రాలా బ్రేకులు పట్టి ఉండగానే ఘోడాని కాస్త ముందుకి లాగి చూడు, కదలకూడదు. ఆ తర్వాత మళ్లీ దిగు. టార్చి పట్టుకుని కిందికి దూరి, దవడలు పిన్ను చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లారా చూడు. ప్లేటుకీ ట్రాలాకీ మధ్య వెలుతురు కనపడకూడదు.

"దానంజీ, ఇన్నిసార్లు ఎక్కి దిగితే మనం డెలివరీలు చేస్తామా, యోగా చేస్తామా?" అని చౌహాన్ సాబ్ ఎగతాళి. చప్పుడు వినపడితే చాలని ఆయన వాదన. యార్డంతా ఆయన వైపే.

చప్పుడు వినపడితే ఎందుకు చాలదో చెబుతాను. ఇంట్లో తలుపు గడియ వేస్తాం. టక్‌మని మోగుతుంది. గడియ కన్నంలో పడకుండా పక్కన కొట్టుకున్నా అలాగే మోగుతుంది. పొద్దున లేచి చూస్తే తలుపు బార్లా తీసి ఉంటుంది. ఇదీ అంతే. ట్రాలా కాస్త ఎత్తుగా ఉంటే పిన్ను దవడల్లోకి వెళ్లకుండా వాటి మీదికెక్కి కూర్చుంటుంది. దవడలు కింద ఖాళీగా మూసుకుంటాయి. చప్పుడు వస్తుంది. ఒక్కోసారి లాగి చూసినా కదలదు, ఎందుకంటే పిన్ను ఏదో అంచుకి తన్నుకుని ఉంటుంది. రోడ్డెక్కాక మొదటి గతుకులో జారిపోతుంది.

మా దగ్గర అదే జరిగింది. చౌహాన్ సాబ్ గేటు దగ్గర నిలబడి చిటికెలు వేస్తుంటే ఒక పాత డ్రైవర్ చప్పుడు విని, గాలి పైపులు తగిలించి, ట్రాలా ఆనుకునే కాళ్లు పైకెత్తేసి బయల్దేరాడు. గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఘోడా ఎగిరింది, ట్రాలా ముక్కు నేల మీద పడింది. ఆ చప్పుడుకి క్యాంటీన్‌లో వాళ్లు కూడా బయటికి పరుగెత్తుకొచ్చారు. చౌహాన్ సాబ్ నిలబడ్డ చోటికి, అది పడ్డ చోటికి మధ్య ఒక మంచం పట్టేంత దూరం కూడా లేదు. ఆయన ఫోను అలాగే చెవి దగ్గర పెట్టుకుని ఉండిపోయాడు, అవతలివాళ్లు హలో హలో అంటూనే ఉన్నారు.

తనది పొరపాటని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ మర్నాటి నుంచి మాత్రం ఫటాఫట్ అనడం మానేశాడు. టార్చిలు తెప్పించి ప్రతి ఘోడాలోనూ ఒకటి పెట్టించాడు. నా లెక్కలో మంచి బాసు అంటే అదే. క్షమాపణ చెప్పి పాత పద్ధతిలోనే నడిచేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల కంటే ఈయన వెయ్యి రెట్లు నయం.

ప్రసన్న

రిటైరయ్యాక లక్ష్మీ నగర్‌లో మా ఇంట్లో కూర్చుని కిటికీలోంచి ట్రాఫిక్‌ని తిట్టుకోవడం నా పని. మా పైన అద్దెకుండే సివిల్స్ పిల్లలు మెట్లు దిగుతూ "ఇవాళ ఎవర్ని తిడుతున్నారంకుల్?" అని అడిగిపోతుండేవాళ్లు. ఒకనాడు రూతమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అంది.

"ఏవండీ, ఊరికే గొంతు చించుకునే బదులు మా ప్రసన్నకి ట్రైలర్ నేర్పకూడదూ? పాపం, దాని ఉద్యోగం పోయేలా ఉంది."

ప్రసన్న, రూతమ్మ వాళ్ల ఆసుపత్రిలోనే అంబులెన్స్ డ్రైవర్. వాళ్లమ్మ బాపట్ల నుంచి వచ్చి అదే ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఆ అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. భర్త పోయాడు, తల్లినీ కూతుర్నీ తనే చూసుకోవాలి. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు అంబులెన్సులన్నీ కాంట్రాక్టుకి ఇచ్చేస్తున్నారు, డ్రైవర్లని తీసేస్తున్నారు. మిగిలేది ఒకే ఒక్క ఉద్యోగం. ఎక్స్‌రే, కంటి పరీక్షలు, పళ్ల వైద్యం అన్నీ ఒకే ట్రైలర్‌లో పెట్టి ఇటుక బట్టీల దగ్గరికి, బస్తీలకి తిప్పే బండి ఒకటి వాళ్లకుంది. దాని డ్రైవర్ మానేశాడు. అది నడపగలిగితే ప్రసన్న ఉంటుంది, లేకపోతే ఇంటికే. అక్కడ రవాణా చూసే అరోరా గారు ట్రయల్ పెడతానన్నాడు గానీ, ఆడమనిషి ఇంత బండి లాగలేదు, ఇది కూడా కాంట్రాక్టుకే ఇద్దాం అని ముందే నలుగురితో అనేశాడట.

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. రమ్మను అన్నాను.

వచ్చింది. సన్నగా, పొట్టిగా, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. "నమస్తే అంకుల్. తెలుగు అర్థమవుతుంది నాకు. బోల్నే మే థోడా ముష్కిల్ హై" అంది, మాట్లాడటమే కాస్త కష్టమని.

"బండికి ఏ భాషా రాదులే అమ్మాయ్. స్టీరింగ్ పట్టుకోవడం వస్తే చాలు" అన్నాను.

భారీ బండ్ల లైసెన్సు తనకి ముందే ఉంది. చౌహాన్ సాబ్‌కి ఫోన్ చేస్తే, ఆదివారాలు యార్డూ, ఒక పాత ట్రాలా వాడుకోమన్నాడు. "ఫటాఫట్ నేర్పించకు దానంజీ, ఆరాం సే" అని నవ్వాడు కూడా.

మలుపుల్లోనూ మనుషుల్లోనూ

ప్రసన్న అంబులెన్స్ నడిపిన మనిషి. సందు కనపడితే దూరడం ఆ పనిలో గొప్ప. ట్రాలాకి అది విషం. ఎడమకి తిరగాలంటే నేరుగా ఇంకాస్త ముందుకు పోయి అప్పుడు తిప్పాలి, ఎందుకంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు సగం కొత్త రోడ్డు ఎక్కేసినా వెనక సగం ఇంకా పాత రోడ్డులోనే ఉంటుంది. మొదట్లో ఆమె యార్డు మూలలో పెట్టిన డ్రమ్ములన్నీ తొక్కేసింది.

"సారీ అంకుల్."

"నాకెందుకమ్మా సారీ. ఆ డ్రమ్ము స్థానంలో స్కూటర్ మీద ఎవడి నాన్నో ఉన్నాడనుకో. వాడికి చెప్పు."

అది విని ఆమె ముఖం తెల్లబోయింది. గట్టిగా అన్నానేమో అనిపించింది గానీ వెనక్కి తీసుకోలేదు. ఢిల్లీలో ట్రాలా తిప్పడానికి నువ్వు కాస్త కుడికి జరిగితే ఎడమ పక్క ఖాళీ అవుతుంది. ఖాళీ కనపడిందా, స్కూటరూ, ఈ-రిక్షా, చేతిలో సంచితో నడిచే ఆంటీ, అందరూ అందులోకే. నీకు దారివ్వాలని వాళ్లనుకోరు, నువ్వే వాళ్లకి దారిచ్చావనుకుంటారు. అందుకని ఎడమ ఖాళీని వీలైనంత చిన్నది చెయ్యి, ఎడమ అద్దం మీంచి కళ్లు తియ్యకు, ఎవరైనా దూరితే ఆగిపో. వెనక హారన్లు మోగుతాయి. మోగనీ. హారన్‌తో ఎవరూ చావలేదు.

వానలో ఫ్లైఓవర్ దిగేటప్పుడు కూడా అంతే. దిగడం మొదలు కాకముందే వేగం తగ్గించు. సగం దిగాక, మలుపులో, గట్టిగా బ్రేకు తొక్కావంటే వెనకున్నది నిన్ను తోసుకుంటూ పక్కకి తిరుగుతుంది. అప్పుడు ఏం చెయ్యాలని ఆమె అడిగింది. అప్పుడు ప్రార్థన తప్ప ఏమీ లేదు, ఆ పరిస్థితి రానివ్వకు అన్నాను.

ఇంకో సంగతి కూడా నేర్పాల్సి వచ్చింది. ఇది ఈ ఊరి ప్రత్యేకం. ఇక్కడ నువ్వు పెద్ద బండి రివర్స్ గేరులో వెయ్యడమే ఆలస్యం, ఎక్కడినుంచో నలుగురు ప్రత్యక్షమవుతారు. పాన్ డబ్బా ఆయన, సెక్యూరిటీ గార్డు, రోడ్డు దాటుతున్న పెద్దమనిషి. చేతులూపుతూ "ఆనే దో, ఆనే దో, ఆనే దో!" అంటారు. రానీ, రానీ అని. అందరిదీ మంచి మనసే. ఒకడు ఎడమ టైరు చూస్తుంటాడు, ఇంకొకడు కుడి మూల చూస్తుంటాడు, పైన వేలాడే కేబుల్ వైర్లని మాత్రం ఎవడూ చూడడు. ధన్‌మని తగిలాక అందరూ కలిసి నిన్నే తిడతారు, "దేఖ్ కే నహీ చలా సక్తే క్యా!" అని. చూసి నడపలేవా అని.

కావాలని నేను ఒక ఆదివారం యార్డులో ఉన్న కాపలావాళ్లని పోగేసి ఆమె వెనక నిలబెట్టాను. ఆనే దో అని అరవమన్నాను. ట్రాలా వెనక ఒక పాత కుర్చీ పెట్టాను. వాళ్లు అరుస్తుంటే ఆమె నమ్మి పోయింది. కుర్చీ పచ్చడైంది. కిందికి దిగి దాన్ని చూసి ప్రసన్న నడుం మీద చేతులు పెట్టుకుని నా మీదే గుడ్లురిమింది.

"అంకుల్, యే చీటింగ్ హై!"

"అవును, చీటింగే. అది యార్డులో నేను చేశాను కనక కుర్చీతో పోయింది" అన్నాను.

ఆ తర్వాత ఎవరెన్ని చేతులూపినా ఆమె ఆగేది, దిగేది, చూసేది, ఎక్కేది. కాపలావాళ్లు నవ్వేవాళ్లు. మొదట్లో చెవులు ఎర్రబడేవి ఆమెకి. తర్వాత్తర్వాత వాళ్లతోనే కలిసి నవ్వుతూ దిగేది. అది చూసి నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో! పైకి మాత్రం "అద్దం తుడుచుకో" లాంటి ముక్క ఏదో అనేవాడిని.

ట్రయల్

ట్రయల్ ఆసుపత్రి వెనక ఆవరణలోనే పెట్టారు. ఘోడాని ట్రైలర్‌కి తగిలించి, గేటు దాటించి, రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, మళ్లీ రివర్స్‌లో దాని చోట పెట్టాలి. అంతకు ముందు కొద్ది రోజులుగా వాన. ట్రైలర్ కాంక్రీటు అరుగు మీద నిలబడి ఉంది. అరుగు ముందంతా మట్టి.

డ్యూటీ మారే వేళ కనక నర్సులు, వార్డు బాయ్‌లు, ఆయాలు గుంపుగా వచ్చారు. ప్రసన్న వాళ్లమ్మ గోడ పక్కన నిలబడి పెదాలు కదుపుతోంది, ప్రార్థన చేసుకుంటోంది. కాంట్రాక్టరు మనిషి కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. అతను ఎందుకు వచ్చాడో అందరికీ తెలుసు.

అరోరా గారు తెల్లటి చొక్కాతో దిగి, ముందే నాకు చెప్పేశాడు. "ఉస్తాద్‌జీ, ఆప్ ఏక్ షబ్ద్ నహీ బోలేంగే. బోలే తో ఫెయిల్."

నేను ఒక్క మాట అన్నా ఆమె తప్పినట్టే. న్యాయమే. సరేనన్నాను. జనాన్ని మాత్రం ట్రైలర్‌కి బాగా దూరంగా జరపమని ముందే అడిగి జరిపించాను.

ప్రసన్న దగ్గరకంటా వచ్చి ఆగింది. దిగి ఎత్తు చూసుకుంది. సరిపోయింది. ఎక్కి మెల్లగా వెనక్కి పోతోంది. ఏ లోటూ లేదు. నేను చేతులు కట్టుకుని చూస్తున్నాను. సరిగ్గా ఆఖరి రెండు మూరల దూరంలో, అరుగు అంచు దగ్గర, ఘోడా వెనక చక్రాలు నానిపోయిన మట్టిలోకి దిగాయి. పెద్దగా కాదు. నేనున్న పక్క నుంచి కనపడింది గానీ క్యాబిన్‌లో ఉన్నవాళ్లకి తెలియదు. చక్రాలు దిగితే ప్లేటు దిగుతుంది. ప్లేటు దిగితే ట్రైలర్ ఎత్తవుతుంది.

టక్.

ఆయాలు చప్పట్లు కొట్టారు. ఆ పిన్ను ఎక్కడ కూర్చుందో నాకు తెలిసిపోయింది.

ప్రసన్న నియమం ప్రకారం కాస్త ముందుకి లాగి చూసింది. కదల్లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరైనా ఏమనుకుంటారు? చప్పుడు వచ్చింది, లాగితే ఆగింది. అరోరా గారు చెయ్యి ఊపాడు. "లగ్ గయా, లగ్ గయా! చలో, నికాలో!" తగిలింది, బయటికి తియ్యమని. గుంపులోంచి కూడా "చలో దీదీ, చలో!" అని కేకలు. కాంట్రాక్టరు మనిషి చేతి గడియారం చూసుకున్నాడు.

ఆమె కిటికీలోంచి నా వైపు చూసింది. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకున్నాను. నా ముఖంలో ఏమైనా కనపడుతుందేమోనని భయం. ఆమె గేరు వేస్తే నేను అరిచి తీరతాను, అది నిశ్చయం చేసుకున్నాను. అరిస్తే ట్రైలర్ మిగులుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. అరవకపోతే రెండూ పోతాయి. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నోరు అది, పళ్లు బిగించి దాన్ని మూసుకుని ఉండటం నాకెంత కష్టమైందో చెప్పలేను.

ఇంజన్ ఆగిపోయింది.

తలెత్తి చూశాను. ప్రసన్న క్యాబిన్ దిగుతోంది. అరోరా గారు విసుక్కున్నాడు. "అరే, అబ్ క్యా హువా? టైమ్ వేస్ట్ మత్ కరో!" వెనక ఎవరో "కచ్చీ హై" అని నవ్వారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, ఆ బురదలో వెల్లకిలా పడుకుని, టార్చి పట్టుకుని ట్రైలర్ కిందికి జరిగింది. కాళ్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి.

బయటికి వచ్చింది. వీపంతా బురద.

"సర్, లాక్ నహీ హువా. పిన్ ఊపర్ బైఠీ హై. రోష్నీ దిఖ్ రహీ హై బీచ్ మే."

లాక్ పడలేదు, పిన్ను మీద కూర్చుంది, మధ్యలో వెలుతురు కనపడుతోంది అని చెప్పింది. అరోరా గారు నమ్మలేదు. "ఆవాజ్ తో ఆయీ థీ!" అన్నాడు. చప్పుడు వచ్చింది కదా అని. ఆమె టార్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన మోకాళ్ల మీద వంగి చూశాడు. కనపడలేదు. ఇంకా వంగాడు. ఆఖరికి ఆ తెల్ల చొక్కాతోనే బురదలో ఒక భుజం ఆన్చి లోపలికి చూశాడు. లేచి నిలబడేసరికి ముఖంలో రంగు మారింది. ట్రైలర్ వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, గేటు అవతల రోడ్డు మీద ఓపీడీకి వచ్చే జనాన్ని చూశాడు.

ఇక మిగతా పనంతా ఆమెదే. ట్రైలర్ కాళ్ల హ్యాండిల్ తిప్పి దాన్ని పైకి లేపింది. ఘోడాని మెల్లగా బయటికి తీసింది. వార్డు బాయ్‌లని పిలిచి ఆవరణలో గోడ మరమ్మతుల దగ్గర పడి ఉన్న ఇటుక ముక్కలు తెప్పించి ఆ మెత్తటి చోటంతా నింపించింది, తనే తొక్కి చూసింది. ట్రైలర్ ముక్కుని కిందికి దింపింది. ఎత్తు మళ్లీ చూసింది. వెనక్కి వచ్చింది. టక్. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆమె దిగేదాకా ఆగారు. ఆమె లాగి చూసి, ఇంజన్ ఆపి, దిగి, మళ్లీ అదే బురదలో పడుకుని చూసింది. లేచి, గాలి పైపులు తగిలించి, కాళ్లు పైకెత్తింది.

నా కళ్లు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు. నేను ఎన్ని లక్షల మైళ్లు లాగినా, ఎంతమందికి నేర్పినా, ఆ రోజు ఆ పొట్టి అమ్మాయి బురదలోంచి లేచి చున్నీ దులుపుకున్నప్పుడు పొంగిపోయినంతగా ఎప్పుడూ పొంగిపోలేదు. నా బతుకులో నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే వేలెత్తి ఆ అమ్మాయిని చూపిస్తాను.

అరోరా గారు చొక్కా మీద మట్టి దులుపుకోవడం కూడా మర్చిపోయి క్యాబిన్ కిందికి వెళ్లాడు. కాంట్రాక్టరు మనిషి ఆయన వెనకే ఏదో అనబోతే చేత్తోనే ఆపేశాడు. తలెత్తి ఆమెని అడిగాడు.

"ప్రసన్నాజీ, కల్ కే క్యాంప్ కే లియే సుబహ్ కిత్నే బజే నికలేంగీ ఆప్?"

రేపటి క్యాంపుకి పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతారని. గోడ పక్కన వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రసన్న స్టీరింగ్ మీద చెయ్యి వేసి ఎడమ అద్దంలోకి చూస్తోంది.

"సర్, కల్ కీ బాత్ బాద్ మే. అభీ గేట్ బాకీ హై. ఆప్ లోగ్ జరా హట్ జాయియే."

రేపటి సంగతి తర్వాత, ముందు గేటు దాటాలి, మీరంతా కాస్త తప్పుకోండి అంది. అరోరా గారు తప్పుకున్నాడు. నేనూ తప్పుకున్నాను.